నేను చదవని నాలుగో వరస

బుధవారం పొద్దున్నే పటమట ఆసుపత్రి నుంచి పిన్నిగారి కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, అమ్మ లేదు" అంది. అక్కడ చేర్చి నాలుగో రోజు. ఎవరు ఫోన్ చేసినా ముందో వెటకారం విసరడం నా అలవాటు. ఆ రోజు ఫోన్ పెట్టేసి చెప్పులు వేసుకున్నాను.

పిన్నిగారు నాకు చుట్టం కాదు. భవానీపురంలో మా పక్క వాటా. పామర్రు నుంచి కాపరానికి వచ్చిన మనిషి. పదో తరగతి గట్టెక్కని నన్ను మనిషిగా లెక్కేసి తిట్టింది ఆవిడొక్కరే. మిగతావాళ్లు ఊరికే తిట్టేవాళ్లు.

ఆవిడకి శుభ్రం పిచ్చి. బండి మీద యాసిడ్ అమ్మేవాడి కేక వినపడితే చాలు, ఖాళీ కూల్‌డ్రింకు సీసాతో గుమ్మంలో ఉండేవారు. ఓ వేసవిలో నేను ఎండనపడొచ్చి, వాళ్ల వంటింటి గట్టు మీదున్న సీసా ఎత్తి నోటిదాకా తెచ్చుకున్నాను. గరిటెతో నా చేతి మీద ఒక్కటిచ్చారు. సీసా జారిపడి, గచ్చు మీద నురుగు బుసబుసా పొంగింది. మంచినీళ్లు కాదని అప్పుడు తెలిసింది. ఆ రోజే పాత ఎర్ర జాకెట్టు చింపి, యాసిడ్ సీసా మెడకి పీలిక కట్టి, బాత్రూం కిటికీలో ఎత్తున పెట్టారు.

"ఎర్రగుడ్డుంటే ముట్టుకోకూడదు. నీలాంటోడిక్కూడా అర్థమవుద్ది" అన్నారు.

బుద్ధి తెచ్చుకోవాలా? వారం తిరక్కుండా ఆ పీలిక విప్పి నన్నారి షర్బత్ సీసాకి కట్టాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"ఒరేయ్, నాతో ఎన్నయినా ఆడు. గుర్తుతో ఆడకు. గుర్తు పోతే మనిషి పోతాడు."

పీలిక విప్పి మళ్లీ యాసిడ్ సీసాకే కట్టారు.

ఎర్రగుడ్డ తర్వాత ఆవిడ నమ్మింది ఘాటుని. ఆవకాయ రోజుల్లో ఆవపిండి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగితేనే మంచిదనేవారు. ఫినాయిల్‌కీ అదే పరీక్ష. "ఘాటు లేందే పని చెయ్యదురా." చిన్న అక్షరాలు కనపడక, ఏ ప్యాకెట్టు కొన్నా నా చేతిలో పెట్టి చదవమనేవారు. నేను లేనిపోనివి చదివి నవ్వించేవాణ్ణి.

ఈ వర్షాలకి వీధి కాలవ ఎదురుతన్ని వాళ్ల బాత్రూం నిండా నల్లబురద చేరింది. ఆదివారం పొద్దున బ్లీచింగ్ పౌడర్ ప్యాకెట్టు తెచ్చుకున్నారు.

"ఏం రాశార్రా?"

నేను పురోహితుడిలా గొంతు సవరించుకుని, "అల్లుడుగారు విచ్చేయునపుడు రెండు గుప్పెళ్లు అదనముగా చల్లవలెను" అని చదివాను.

"నీ మొహం" అని నవ్వుతూ లోపలికెళ్లారు.

కంపు దేవుడి అరదాకా పోకూడదని బాత్రూం తలుపు వేసుకున్నారు. బ్లీచింగ్ చల్లి రుద్దారు. బురద వదల్లేదు. దాని మీదే యాసిడ్ పోశారు. ఇదంతా తర్వాత ఆసుపత్రికి వెళ్తూ ఆవిడే ముక్కలు ముక్కలుగా చెప్పారు. అప్పుడు గోడ ఇవతల నాకు తెలిసింది దగ్గొక్కటే.

"ఏంటి పిన్నిగారూ, ఎండుమిరపకాయలు వేయిస్తున్నారా?" అని అరిచాను.

"ఘాటెక్కిందిరా, పనవుతోంది" అన్నారు, దగ్గు మధ్యలో.

నేను నవ్వుకుంటూ టీకి పోయాను.

ఆవిడ కాసేపటికి బయటికొచ్చారట. మజ్జిగ తాగితే తగ్గుద్దని పడుకున్నారట. సాయంత్రానికి ఊపిరి అందలేదు. రెండూ కలిస్తే విషపుగాలి పుడుతుందని, అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుందని, ఘాటు తగిలిన క్షణమే బయట గాలిలోకి వచ్చేసి వెంటనే తీసుకురావాల్సిందని డాక్టరు చెప్పాడు. అప్పటికి వినడానికి తప్ప ఆ మాట దేనికీ పనికిరాదు.

పరామర్శకొచ్చినవాళ్లు "టైమొచ్చింది, పోయింది" అన్నారు. టైము కాదండీ, మూసిన తలుపు. నా వెధవ నోరు.

పెద్దకర్మ అయ్యాక కూతురు బాత్రూం తాళం నా చేతిలో పెట్టింది. "నేను లోపలికెళ్లలేను అన్నయ్యా. నువ్వు కడుగుతావా?" అంది. ఆ ప్యాకెట్టు మీద నేను చదివిన చదువు సంగతి ఆ పిల్లకి తెలీదు. చెప్పాను. తాళం వెనక్కి తీసుకోకుండానే వెళ్లిపోయింది.

తలుపూ కిటికీ బార్లా తెరిచి, మామూలు నీళ్లు, సబ్బుపొడి పట్టుకుని దిగాను. కిటికీలో యాసిడ్ సీసా, దాని మెడకి ఎర్ర పీలిక. పక్కనే బ్లీచింగ్ ప్యాకెట్టు, దానికేమీ లేదు. అది పట్టుకుని, వేలు పెట్టుకుని చదివాను, ఈసారి ఉన్నది ఉన్నట్టు. నాలుగో వరస: "యాసిడ్‌తో గాని, ఇతర క్లీనర్లతో గాని కలపరాదు. గాలి ఆడేచోట వాడవలెను."

తెలుగులోనే ఉందండీ. చదవడానికి పదో తరగతి కూడా అక్కర్లేదు.

గచ్చు సగం తెల్లగా మెరుస్తోంది. మిగతా సగం నల్లబురద ఎండి బీటలు వారింది. రెంటికీ మధ్య ఆవిడ చీపురు ఆగిన చోటు వంకరగా, పుల్లల ఆనవాళ్లతో సహా కనపడుతోంది. నీళ్ల బకెట్టు పట్టుకుని, ఆ గీతకి ఇవతలే నిలబడిపోయాను.