దించిన శ్రుతి

కుట్టుమిషన్లు బాగుచేసే ఆవిడకు ఆ ఆదివారం పొద్దుటి నుంచీ కాలు ఒకచోట నిలవలేదు. దుకాణం వెనక గదిలో గిటారు ఒళ్ళో పెట్టుకుంటుంది, బిరడా ముట్టుకుంటుంది, లేచి వీధిలోకి తొంగిచూస్తుంది, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. డ్రమ్ములు సర్దుతున్న మరిది నవ్వాడు.

"ఏంటొదినా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?"

ఆమెది స్టీలు గిటారు. పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జార్చుతూ వాయించేది. రాక్ బ్యాండని పేరే గానీ ఉన్నది ముగ్గురే: ఈవిడ, వడ్రంగిపని చేసే మరిది, పాడే మొగుడు. మొగుడు బస్సు డ్రైవరు. అందరూ హారన్ అంటారు, ఆ గొంతుకు ఆ పేరేమీ ఎక్కువ కాదు. మరిది డ్రమ్ములకు శ్రుతితో పట్టింపు లేదు గనక ఈవిడ గిటారు ఏ శ్రుతిలో ఉంటే పాట ఆ శ్రుతిలోనే.

అదే కొంప ముంచింది. యాభై దాటాక హారన్ గొంతు పైస్థాయిలో జీరపోవడం ముందు ఆమెకే వినబడింది. చెబితే మనిషి కుంగిపోతాడు. అందుకని ఎవరికీ చెప్పకుండా తీగలన్నీ అర శ్రుతి దించింది. కొన్నాళ్ళకు ఇంకో అర. తీగలు వదులై కడ్డీ కింద గిలగిల్లాడితే లావు తీగలు వేసింది. శబ్దం మొద్దుబారితే డిస్టార్షన్ పెడలు నొక్కి ఆ గరగరలో కప్పేసింది. హారన్ మాత్రం "కుర్రప్పటి గొంతు, చెక్కుచెదరలేదు" అని డిపో అంతా డప్పు కొట్టుకున్నాడు. తోటి పాటగాడొకడు శ్రుతి తగ్గించుకున్నాడని తెలిసి "ఇక ఇంట్లో కూర్చోమనండి" అని నలుగురిలో నవ్వాడు కూడా. ఆ నవ్వే ఇప్పుడు ఆమె గుండెల్లో రాయిలా ఉంది.

ఎందుకంటే ఆ మధ్యాహ్నం హాల్లో కచేరీ, చివరి పాటకు ఆర్గన్ వాయించే పెద్దాయన వాళ్ళతో కలుస్తున్నాడు. ఆ పాత ఆర్గన్ శ్రుతి దించడం బ్రహ్మతరం కాదు. వాళ్ళ పాత రికార్డింగు విని ఆ పాట నేర్చుకున్న ఆయన వేళ్ళు వేరే శ్రుతిలో నడవవు.

"ఏవండీ, ఆ చివరి పాట వదిలేద్దామా?"

"దాని కోసమే కదే జనం వచ్చేది! నీకేమన్నా పిచ్చా?"

ఆమె మాట మార్చి గిటారు పెట్టెలో సర్దింది.

హాల్లో ఆర్గన్ మోగగానే ఆమె కడ్డీని రెండు మెట్లు పైకి జరిపింది, పాట అసలు శ్రుతికి. హారన్ మెడనరాలు ఉబ్బాయి. చరణం ఈడ్చుకొచ్చాడు. శిఖరం లాంటి ఆ ఒక్క స్వరం దగ్గర గొంతు చీలి ఆగిపోయింది. ఆమె పెడలు తొక్కి, ఎకో పెంచి, ఆ వరుస తానే పలికించేసింది. జనం ఈలలు వేశారు. హారన్ ఆమె చేతి వంకే చూస్తున్నాడు. రోజూ పక్కనే చూసే కడ్డీ రోజూ ఉండే చోట లేదు.

ఇంటికొచ్చాక హారన్ గదిలో బల్ల మీద కూలబడి అడిగాడు.

"ఎన్నాళ్ళ నుంచి దించుతున్నావ్?"

"మూడేళ్ళు."

"శ్రుతి తగ్గించుకున్నాడని నా చేత వాడి మీద నవ్వించావు కదే."

"తప్పేనండీ." ఆమెకు ఏడుపొచ్చింది.

అతను గిటారు తన ఒళ్ళోకి లాక్కున్నాడు. రోషంతో పైకి బిగిస్తాడేమో, తీగ తెగుతుందేమో అని ఆమె భయపడింది. లావుతీగ మీటుతూ, కూనిరాగం తీస్తూ, మెల్లగా బిరడా తిప్పాడు. కిందికి. ఆమె దించిన చోటుకన్నా ఇంకా కిందికి.

"ఆపండి, అంత అక్కర్లేదు."

"నీకేం తెలుసు? నువ్వు దించినచోటా నాకు గొంతు మండుతూనే ఉంది. నువ్వు దిగులుపడతావని చెప్పలేదు."

ఇంకాస్త తిప్పాడు. రాగం ఎక్కడా తట్టుకోకుండా సాగింది.

"ఇక్కడ," అన్నాడు. "తీగ మరీ వదులైంది. ఇంతకంటే లావువి ఉంటే తీసుకురా."