దడుపు ఎక్కడ పుట్టింది

మా పెద్దనాయన పోయాడన్న కబురు నాకు ఆఫీసు లిఫ్టు ముందు తెలిసింది. ఫోన్ ఎత్తగానే ఆయన పక్కగది అబ్బాయి "పెద్దనాయన గయా" అన్నాడు. ఎక్కడున్నావని అడగలేదు, కూర్చోమనలేదు. ఎవరి దగ్గరికి వెళ్లినా, వాళ్లు ఉలిక్కిపడకుండా దూరం నుంచే దగ్గుతూ వెళ్లిన పెద్దనాయన చావును ఈ అబ్బాయి అలా నా నెత్తిన పడేశాడు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

మాది రక్తసంబంధం కాదు. ఆయనా మా నాన్నా మహబూబ్‌నగర్ నుంచి కలిసి వచ్చారు. కామాటిపురాలో కూలీలుండే చాల్‌లో పక్కపక్క గదుల్లో దిగి, బిల్డింగు పనులకు కలిసే వెళ్లేవారు. నాకు ఊహ తెలియకముందే నాన్న పరంజా మీద నుంచి పడి చనిపోయాడు. అమ్మ ఇళ్లల్లో పనికి పోతే నన్ను పెంచింది పెద్దనాయనే.

ఎదుటివాళ్లు తనవల్ల దడుసుకుంటారేమోనని ఆయనకు ఎప్పుడూ బెంగ. గదుల ముందు గ్యాలరీలో బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్ల వెనక నుంచి వెళ్లాలంటే ముందు కటకటాల మీద రెండుసార్లు తట్టేవాడు. తలుపు చాటు నుంచి "భో" అన్నందుకు చిన్నప్పుడు నన్ను ఒక్క దెబ్బ వేశాడు. అంతకుముందు గానీ ఆ తరువాత గానీ నా మీద చెయ్యెత్తి ఎరగడు. పని మానేశాక కూడా ఫోరస్ రోడ్డులో ఎక్కడ పరంజా కట్టినా వెళ్లి నిలబడేవాడు.

"పైనున్నోన్ని పేరువెట్టి పిలువకుండ్రి. బొంగు మీద తట్టుండ్రి, వాడే సూస్తడు" అనేవాడు. కూలివాళ్లు నవ్వేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

మా చాల్ పిల్లలకు ఇప్పుడు భయమేస్తే "డర్ గయా" తప్ప వేరే మాట లేదు. పెద్దనాయన దగ్గర మాటలకు కొదవ లేదు. "ఉలుకు వచ్చి పోతది బిడ్డా. దడుపు వచ్చి కూసుంటది" అనేవాడు. దడుపు అన్న మాట ఎక్కడిదో తేలుద్దామని దాదర్‌లో తెలుగు లైబ్రరీకి వెళ్లి నిఘంటువు తిరగేశాను. దడ అంటే భయం, గుండె అదరడం అని ఉంది. గొప్పగా వచ్చి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు.

"గుండె చప్పుడు ఎన్కనొస్తది. ముందుగాల దడేల్‌మని పడ్తది. మాట ఆడ పుట్టింది."

"ఏం పడుతుంది?"

"చాయ్ పెట్టు బిడ్డా."

ఎన్నిసార్లు వాదించినా చివరికి చాయ్ దగ్గరికే వచ్చేది. నాన్న ఎలా పడ్డాడని అడిగినా అంతే. "కాలు జారింది" అనేవాడు, లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఒళ్లు మండేది నాకు.

పెద్దకర్మ రోజు గ్రాంట్ రోడ్ నుంచి ఒక ముసలి మేస్త్రీ వచ్చాడు. వాళ్లిద్దరితో కలిసి పనిచేసినవాడట. భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని, అందరికీ తెలిసిందే అన్నట్టు చెప్పాడు.

"మీ నాయనను అన్నం తిననీకి రమ్మని కిందికెల్లి పిలిచింది ఆయనే గద బిడ్డా. పేరు ఇనంగనే మీ నాయన ఉల్కిపడి ఎనక్కి తిరిగిండు. గంతే."

పెద్దనాయన చెప్పిన ఆ దడేల్‌మన్న చప్పుడు ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ చప్పుడును లోపల పెట్టుకుని నా జడలు అల్లాడు, బడికి తీసుకెళ్లాడు, నా పెళ్లిలో తండ్రి పీట మీద కూర్చున్నాడు. అన్నానికి పిలవడం తప్పెట్లా అవుతుంది పెద్దనాయనా? ఆ ఒక్క ముక్క అననిస్తే నీ సొమ్మేం పోయేది? నన్ను నిఘంటువుల చుట్టూ తిప్పావు గానీ నమ్మి చెప్పలేకపోయావు. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వస్తోంది.

ఆయన గది తాళంచెవి ఇప్పుడు నా దగ్గరే ఉంది. నిన్న సామాను సర్దుదామని వెళ్లాను. లోపల ఎవరూ లేరని తెలుసు. అయినా తలుపు మీద రెండుసార్లు తట్టి, కాసేపు ఆగి, మెల్లగా పిలిచాను.

"పెద్దనాయనా, అన్నం తిందువు రా."