ముళ్ల పట్టీ

మా ఇంటి కుక్కకు పట్టీ కట్టేటప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు. రెండువేల నాలుగు ఎండాకాలం, మిర్యాలగూడ నుంచి కోదాడ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న గొర్ల కాపరి. ఒడిలో చుట్టూ ఇనుప ముళ్లు దిగ్గొట్టిన తోలు పట్టీ పట్టుకున్నాడు. అదెందుకని అడిగాను.

"కుక్క మెడకు కడ్తం సార్, తోడేలు గొంతు పట్టకుండ. మెడ పుండయిందని మొన్న నేనే ఇప్పిన. పసుపు రాసి, రెండు దినాలు గాలి తగలనీయ్ అనుకున్న. మిట్టమధ్యాహ్నమే రెండు తోడేళ్లు మంద మీద వడ్డయి. ఒకదాని గొంతు మా కుక్క పట్టింది. రెండోది మా కుక్క గొంతు పట్టింది. ఆ రెండోదాన్ని గొడ్డలితోని నరికి సూస్తె, మా కుక్క సచ్చిపోయింది. అది పట్టిన తోడేలు గూడ సచ్చింది. మా కుక్క పట్టు మాత్రం ఇడువలే. దవడలు ఇరగ్గొట్టి నేనే తీసిన. గొర్రె ఒక్కటి గూడ పోలే."

అంతలో డ్రైవర్ గట్టిగా బ్రేకు వేశాడు. అందరం ముందుకు తూలాం. ముళ్లు ఆయన అరచేతిలో దిగి, రక్తం పంచె మీదికి కారింది. అయినా పిడికిలి సడలలేదు.

"చెయ్యి తీయండి, లోపలికి దిగుతున్నాయి" అన్నాను.

ఆయన పట్టీ వైపే చూస్తున్నాడు.

"మా కుక్క పట్టినంత గట్టిగ నేను పట్టలే సార్."