ద్వాదశినాటి కంద

క్షీరాబ్ది ద్వాదశి దగ్గర పడుతోందంటే ఇప్పుడు నాకు భక్తికన్నా ముందు నడుం నొప్పి గుర్తొస్తుంది. ఇలా రాయకూడదు గాని నిజం. కంకిపాడులో మా సత్సంగం వాళ్లు నలభై మంది ఏకాదశి ఉపవాసం ఉండి, మర్నాడు పొద్దున్నే మా ఇంట్లో పారణ చేస్తారు. ద్వాదశి ఘడియలు దాటకముందే మొదటి ముద్ద నోట పడాలి. ముప్పై ఏళ్లు ఆ వంట మా అత్తగారు చేశారు. ఆమెకు చూపు తగ్గాక నా చేతికొచ్చింది.

మొదటి ఏడాదే తప్పు చేశాను. ఆ రోజు కందా బచ్చలి కూర మాకు తప్పనిసరి. ద్వాదశినాడు చింతపండు వాడకూడదు. ప్రవచనాల్లో విని విని ఆ నియమం నాకు కంఠతా వచ్చు. అందుకని కందను ఉత్త నీళ్లలో ఉడికించి, బచ్చలి కలిపి తాలింపు పెట్టేశాను. నైవేద్యం కాకముందు రుచి చూడటం మా ఇంట్లో లేదు. మడి కట్టుకుని ఉపవాసంతో చేసిన వంటలో లోపం ఉంటుందని తోచనూ లేదు.

గుమ్మం పక్కన కుర్చీలో ఉన్న అత్తగారు, "కందలో పులుపేం వేశావమ్మాయ్?" అని అడిగారు.

"ద్వాదశినాడు చింతపండేంటి అత్తయ్యా, మీకు తెలియనిదా?" అన్నాను, కాస్త విసురుగానే. ఆమె మళ్లీ నోరు తెరిచేలోగా గిన్నె స్వామి ముందుకు పట్టుకెళ్లాను.

నైవేద్యమైంది. అందరూ తులసి తీర్థం పుచ్చుకుని విస్తళ్ల ముందు కూర్చున్నారు. పురాణం చెప్పే పెద్దాయన మొదటి ముద్ద తిని గొంతు సవరించుకున్నారు. పక్కావిడ పెదవులు రుద్దుకుంది. కాసేపటికి వరసంతా దగ్గే. ఒక పగలూ రాత్రీ పస్తున్న మనుషులు. ప్రసాదం కనక పారెయ్యలేరు, దురదకు మింగలేరు. పెద్దాయన కళ్లు మూసుకుని ఇంకో ముద్ద ఎత్తారు. అత్తగారు గోడ పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"అది తినకండి బాబుగారూ, మజ్జిగ పుచ్చుకోండి."

"ప్రసాదం కదమ్మా."

"కంద కందేనండీ. స్వామికి పెట్టినంత మాత్రాన దురద పోదు."

తులసి కోటలో నాటిన ఉసిరి కొమ్మకున్న కాయలు కోయించి, ఆమే దంచారు. నేను గిన్నె మళ్లీ పొయ్యెక్కించాను. చింతపండు కూడనినాడు కంద దురద విరగడానికి ఉసిరికాయ పులుపు పడాలని ఆమెకు వాళ్ల అత్తగారు చెప్పారట. రెండో వడ్డనలో అందరూ తిన్నారు.

ఏది తినాలో, ఏనాడు తినకూడదో శాస్త్రం చెప్పింది. భూమిలోంచి తవ్విన దుంపను తినేలా చేసుకోవడం మాత్రం ఎవరి గొంతో మండితే తెలిసింది. అది ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి వచ్చింది. నేనేమో అడగకుండా గడిపేశాను.

ఈ ఏడాది ఆమె మంచం మీదున్నారు. మాట తగ్గిపోయింది. కంద ఒక్కో ఏడు ఒక్కోలా ఉంటుంది, రుచి చూడటానికి లేదు. ఏటా ఆమే చెప్పే ఉసిరికాయల లెక్క ఈసారి తెలియక, కోసిన కంద ముక్కతో ఆమె దగ్గరికెళ్లి అడిగాను. లెక్క చెప్పలేదు. నా చెయ్యి తిప్పి, ముక్కను మణికట్టు లోపలివైపు రుద్ది, "చూడు" అన్నారు.

వంటింట్లోకి వచ్చి మణికట్టు చూసుకుంటూ పొయ్యి ముందు కూర్చున్నాను. కాసేపటికి మణికట్టు ఎర్రబడి మంట మొదలైంది. లేచి, ముందు దంచినవాటికి తోడు ఇంకో గుప్పెడు ఉసిరికాయలు దంచాను.