గ్రాఫిక్స్ కార్డుకు పప్పు మూట పరీక్ష

ఈ రోజు కంప్యూటర్ సామాన్లమ్మే రిచీ వీధిలో నా పాండిత్యం గంగలో కలిసింది. గేములాడడానికి రెండు గ్రాఫిక్స్ కార్డుల్లో ఏది మేలో పత్రికలన్నీ చదివి తేల్చుకుని, ఖరీదైనదే కొనిపిద్దామని నాయనను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన తొండియార్‌పేటలో కందిపప్పు టోకు వ్యాపారి. కంప్యూటర్‌ను ముట్టుకున్న పాపాన పోలేదు. ఒక్కసారే కొంటానని, మళ్ళీ అడగొద్దని షరతు.

అంగడాయన పక్కపక్కన రెండు కంప్యూటర్లలో చెరో కార్డూ బిగించి, ఒకే కార్ల రేసు పెట్టాడు. ఖాళీ రోడ్డు మీద నేనెంచిన ఖరీదైన కార్డు తళతళలాడింది. నేను గంభీరంగా తల ఊపాను.

"మూట పైన మంచి పప్పు ఎవురైనా పెడతారప్పా. అడుగున చెయ్యి పెట్టి తీయాల. దీనికి అడుగు యాడుండాది?" అన్నాడు నాయన.

"కంప్యూటర్‌కి అడుగేంది నాయనా, పరువు తీయొద్దు!" అన్నాను.

"నువ్వుండ్రా. ఏమప్పా, కార్లన్నీ గుంపుగా గుద్దుకునే తావు చూపించు."

అంగడాయన చూపించాడు. దుమ్ము లేచి కార్లన్నీ మలుపులో చేరగానే నా కార్డుకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. చవకది మాత్రం ఆగకుండా పరిగెత్తింది. నాయన దాన్నే కట్టమన్నాడు.

ఇంటికొచ్చినప్పటి నుంచి ఆడుతున్నాను, ఎక్కడా తడబాటు లేదు. ఇకపై నా సిద్ధాంతం ఇదే. మొదటి నుంచీ ఇదేనని కూడా చెప్పుకుంటాను. నా మాట నమ్మి పోయిన వారమే ఖరీదైన కార్డు కొన్న మిత్రులారా, ఆ మలుపు దగ్గర మీకేమైందో నిజాయితీగా రాయండి. ఓదార్చడానికి నేనున్నాను.