అత్త మడిచిన వక్కాకు

మా చిన్న మామ పోయాడని పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు కోసం నిలబడి ఉన్నాను. నిద్రలోనే పోయాడట. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. ఆ నోరు ఇప్పటికైనా ఆగిందా అనిపించింది.

మామ చీరలు నేసేవాడు. చెవుల్లో ఎవరో తిడుతున్నారని వయసులో ఉండగా మగ్గం వదిలేసి రోడ్లు పట్టుకు తిరిగాడు. మాత్రలే ఆ గొంతుల్ని ఆపి ఆయన్ను మళ్లీ మగ్గం ముందు కూర్చోబెట్టాయి. ఇరవై ఏళ్లు మానకుండా మింగాడు. కొత్త పడుగు పోగుల్ని పాత పోగులకు ఒక్కొక్కటే అతకడంలో మా వీధిలో ఆయన తర్వాతే ఎవరైనా.

తర్వాత నోరు ఆడటం మొదలైంది. నాలుక బయటికి వచ్చి పోయేది, దవడ ఊరకే నమిలేది. నూలు ఇచ్చే సావుకారు చూస్తే పని ఇవ్వడని అత్తకు భయం. ఆయన వస్తున్నాడంటే వక్కాకు మడిచి మామ నోట్లో పెట్టేది.

"ఏమప్పా, ఎప్పుడు జూసినా వక్కాకేనా?" అని సావుకారు నవ్వేవాడు.

సావుకారు వాకిలి దాటినాక మామ ఉమ్మేసి, "నేను నమల్లేదు అల్లుడా, నోరే నన్ను నములుతాండాది" అనేవాడు.

జబ్బు తిరగబడిందనుకున్నాం. కడపలో డాక్టరుకు ఆ మాట చెప్పింది నేనే. మాత్ర పెంచారు, నోరు ఆగింది. శానా తెలివైన పని చేశాననుకున్నాను. కొన్ని నెలలకు మళ్లీ మొదలై వేళ్లలోకి కూడా దిగింది. కర్నూలులో ఇంకో డాక్టరమ్మ చూసి, ఇది జబ్బు కాదు, ఇన్నేళ్ల మందు వల్ల వచ్చింది, మాత్ర పెంచితే కొన్నాళ్లు కప్పిపెడుతుందే తప్ప పోదు అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇప్పటికీ కావడం లేదు.

ఆమె మెల్లగా మాత్ర తగ్గించింది. గొంతులు తిరిగొచ్చాయి. మళ్లీ ఇవ్వక తప్పలేదు. వేరే మందు తోడు చేస్తే వేళ్లు కొంత కుదుటపడ్డాయి గానీ, పోగు అతికేంత కాదు.

"చెవులు నిమ్మళంగా ఉండల్లంటే చేతులు ఇయ్యల్లంట" అన్నాడు మామ, తెగిన పోగు నా చేతికిస్తూ. నాకు అతకడం రాదు. అట్లే పట్టుకుని నిలబడ్డాను.

ఫోన్ వచ్చిన ఆ పొద్దున నేను ఇల్లు చేరేసరికి మామను వసారాలో పడుకోబెట్టారు. నోరు కదలడం లేదు. ఆ ముఖం అంత నెమ్మదిగా ఉండటం చూసి ఎన్నేళ్లయిందో.

వాకిట్లో సావుకారు గొంతు వినపడింది. అత్త గబగబా లేచి, వక్కాకు మడుచుకుని మామ దగ్గరికి వచ్చింది. ఆయన పెదవుల దాకా పోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.