శాటర్నైన్ అని రాసిన మూడేళ్లు

జూలై 9, బుధవారం, ఉదయం పదకొండు గంటలు. కలకత్తా న్యూ టౌన్‌లో నరాల డాక్టరు గది. ఉన్నవారు: డాక్టరమ్మ, నా భార్య, మా అమ్మాయి, నేను.

డాక్టరమ్మ నా భార్య చేత కాగితం మీద పేరు రాయించారు. చివరికి వచ్చేసరికి అక్షరాలు చీమలంత అయిపోయాయి. ఆమెను మాషీమా, అంటే పిన్నిగారు, అంటూ ముఖంలో నవ్వు ఎప్పటినుంచి తగ్గిందని బెంగాలీలో నన్ను అడిగారు. దానికి నా దగ్గర కచ్చితమైన జవాబు ఉంది. సంచిలోంచి డైరీలు తీశాను.

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ఉన్నప్పటి నుంచి నాదొక అలవాటు. ప్రతి పేజీ అడుగున, ఆ రోజు ఇంట్లో ఎవరి స్వభావం ఎలా ఉందో ఒక్కొక్క ఇంగ్లీషు మాటలో రాస్తాను. అవి గ్రహాల నుంచి పుట్టిన మాటలే కావాలని నియమం పెట్టుకున్నాను. గురుడి నుంచి జోవియల్, అంటే సరదా మనిషి. బుధుడి నుంచి మెర్క్యూరియల్, ఘడియకో తీరు. అది మా అమ్మాయికి. కుజుడి నుంచి మార్షల్, కయ్యానికి కాలు దువ్వడం. అది ఎక్కువగా నాకే పడేది. శని నుంచి శాటర్నైన్, నవ్వని ముఖం.

నా భార్యకు ఏళ్ల తరబడి జోవియలే. మూడేళ్ల కిందట మొదటిసారి శాటర్నైన్ అని రాశాను. తర్వాత వారానికి రెండుసార్లు, ఆ తర్వాత రోజూ. నడక నెమ్మదించింది, మాట తగ్గింది. ఆమెది మీనరాశి. లెక్క వేస్తే ఏలినాటి శని సరిగ్గా అప్పుడే మొదలైంది. కారణం దొరికిందని నా మనసు కుదుటపడింది. ఏడున్నరేళ్లకు అదే పోతుందిలే అని, ప్రతి శనివారం ఆమె చేత నువ్వుల నూనె దీపం పెట్టించి ఊరుకున్నాను. వెలిగించేటప్పుడు చెయ్యి వణికేది. భక్తి అనుకున్నాను.

డాక్టరమ్మకు తెలుగు రాదు. ఆ ఇంగ్లీషు మాటలే చూసుకుంటూ పేజీలు తిప్పారు. ఇది పార్కిన్సన్స్ అనీ, ముఖంలో కండరాలు బిగుసుకుపోతాయనీ, మొదట్లోనే తీసుకొచ్చి ఉంటే ఈ మూడేళ్లూ ఇంత అవస్థ ఉండేది కాదనీ చెప్పారు. కోపంగా చెప్పలేదు.

"అన్నీ రాసినావు నాన్నా, అమ్మనొక్కసారి అడగలేదేటి?" అంది మా అమ్మాయి.

నా భార్య నా వైపు తిరిగింది. గొంతు సరిగా పైకి రాలేదు.

"నేనెప్పుడు నవ్వడం మానేసినానండి? నవ్వుతూనే ఉన్నాను. మీకు అగుపడలేదేటి?"

క్యాబ్‌లో ఇంటికి వచ్చాం. ఆ రోజు పేజీ అడుగున ఏమీ రాయలేదు.

మర్నాడు ఉదయం టీ తాగుతూ ఆమెకు పాత సంగతి ఒకటి చెప్పాను. ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి ఆమె చెప్పు వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయిన రోజు సంగతి. ముఖం కదల్లేదు. నవ్వుతున్నావా అని అడిగాను.

"లేదండి. ఈ కథ మొదటిసారే నాకు నచ్చలేదు" అంది.

అది వేళాకోళమో కాదో ఆ ముఖం చూస్తే తెలియలేదు. మాత్ర వేసుకునే వేళయింది. లేచి వెళ్లి నీళ్లు తెచ్చాను.